జిట్రేగి గిటారు

సుబ్బలక్ష్మమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చేసరికి ఆమె చీర అంచున రక్తం ఎండి నల్లబడి ఉంది. అది తన చిన్నకొడుకు రక్తమనీ, నిన్నటి నుంచి చీర మార్చుకోవాలన్న ధ్యాసే లేదనీ ఆమె వస్తూనే చెప్పింది. జ్ఞానేశ్వర్ కుర్చీ లాగి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"అమ్మా, నాకు ఒక్క మాట కావాల. నా పెద్దోడు నా చిన్నోణ్ణి చంపినాడా, చంపలేదా? అంతే."

బల్ల వెనకున్న ప్రమీలమ్మ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. ఉద్యోగమంతా కోర్టులో సాక్షుల వాఙ్మూలాలు టైపు చేసి చేసి, అబద్ధం మనిషి నోరు దాటకముందే పసిగట్టే విద్య ఆమెకు అబ్బింది. రిటైరయ్యాక కర్నూలు పాతబస్తీలో ఈ ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఆమె దగ్గర చేరిన నాటి నుంచి జ్ఞానేశ్వర్‌కి ఆమె మాట వేదవాక్కు. ఆమెకి మాత్రం అతను నోటికి తాళం లేని కుర్రాడు.

"పోలీసులు మీ పెద్దోడు సుధీర్‌ని పట్టుకుపోయినారంట గదమ్మా. వాళ్ళే తేలుస్తారు. నీకింత తొందర ఏమి?" అంది ప్రమీలమ్మ.

"తొందర ఉండాది. నా హర్ష ఆసుపత్రిలో ఐసుపెట్టెలో పండుకోనుండాడు. వానికి పెండ్లి గాలే. వాళ్ళ నాయన పోయినాడు. కొరివి పెట్టాల్సింది అన్నే. దాయాదులతో పెట్టిచ్చేస్తామని చుట్టాలు ఎగబడతాండారు. నేను ఒప్పుకోలే. సుధీరు చంపకుంటే వాడే పెట్టాల. చంపింటే ఆ చెయ్యి వాని చితి కాడికి రాకూడదు. అది తేలేదాకా నా బిడ్డను కదలనీయను."

అప్పుడు ఏడ్చింది ఆ తల్లి. ప్రమీలమ్మ ఓదార్చలేదు, చెప్పులు వేసుకుంది.

కల్లూరులో ఆ కుటుంబాన్ని ఎరగనివాళ్ళు లేరు. పొలాలున్నవాళ్ళు, బోరు మోటార్ల వ్యాపారం పెట్టారు. వ్యాపారం చూసేది అన్న, గిటారు వాయించేది తమ్ముడు అని వీధిలో నవ్వుకునేవారు. ప్రతి ఆదివారం హర్షవర్ధన్ మేడ గదిలో ముగ్గురు చేరి వాయించేవారు. హర్ష, చర్చిలో వాయించే ఏసేపు, సంగీత వాయిద్యాల షాపు నారాయణ. పోయిన ఆదివారం సుధీర్ ఆ గదిలోకి దూసుకొచ్చి, ఆ ఇద్దరి ఎదుటే తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. "ఇంగొకసారి షాపిడిసి ఈ డొక్కు పట్టుకున్నావంటే, నీ గిటారు నీ నెత్తినే పగలగొడ్తా!" అన్నాడు. బుధవారం మధ్యాహ్నం తల్లి ఆత్మకూరులో పెళ్ళికి పోయి ఉండగా అచ్చం అలాగే జరిగింది.

మేడ గది తలుపు దగ్గర ఎస్సై భీమక్క కాపలా ఉన్న మనిషిని పక్కకు పంపింది. ప్రమీలమ్మ అంటే ఆమెకి కోర్టు నాటి గౌరవం.

"చూడండి మేడమ్. కానీ తేలిపోయిన కేసు ఇది. సుధీర్ బండి మధ్యాహ్నం ఇంటి ముందర నిలబడింటే ఎదురింటాయన చూసినాడు" అంది భీమక్క.

గది గోడల మీద రక్తం పైకప్పు దాకా చిమ్మింది. హర్ష మంచం పక్కన మోకాళ్ళ మీద నుంచి ముందుకు కూలినట్టు పడి ఉన్నాడట. తల వెనక ఎముక గుంట పడి, లోపలికి పోయింది. ఆ శవం మీద గిటారు తునాతునకలై ఉంది. తీగలు జుట్టులో ఎంత చిక్కుకున్నాయంటే వాటిని కత్తిరించి గానీ శవాన్ని లేపలేకపోయారు.  

"జ్ఞానా, నువ్వు గిటారు వాయిస్తావు గదా. ఏదన్నా పనికొచ్చే మాట చెప్పు" అంది ప్రమీలమ్మ.

అతను వాయిస్తాడు, అంటే ఇరుగుపొరుగు క్షమించేటంత మేరకు. కానీ ఆ గిటారు ఎంచుకోవడానికి నారాయణ షాపు చుట్టూ నెలల తరబడి తిరిగాడు. నారాయణ పద్ధతి వేరు. కొనడానికొచ్చినవాణ్ణి గోడవైపు తిప్పి నిలబెట్టి, వెనక ఒక్కో గిటారూ తానే వాయిస్తాడు. "కండ్లతో కొనేది చొక్కా అప్పా, గిటారు గాదు" అంటాడు. అలా వినిపించి, ఖరీదైన దాన్ని పక్కన పెట్టించి, జ్ఞానేశ్వర్ వేళ్ళకి ఒదిగేదాన్నే ఇచ్చాడు. ఆ రోజు నుంచి నారాయణన్న అంటే అతనికి ప్రాణం.

ఇప్పుడు జ్ఞానేశ్వర్ కింద పడిన ముక్క ఒకటి రుమాలుతో ఎత్తాడు. విరిగిన అంచు కర్రీపఫ్ లాగా పొరలు పొరలుగా ఉంది. "ఇది ప్లైవుడ్ మేడమ్. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కొనే గిటారు. హర్షవర్ధన్ దగ్గర ఇంకోటి ఉండాలి. రోజ్‌వుడ్ అంటారే, ఆ జిట్రేగి చెక్కది. ఆత్మకూరులో పడగొట్టిన పాత ఇంటి దూలంతో నారాయణన్న సొంతంగా చేసింది. ఆయన జన్మలో చేసిన గిటారు అదొక్కటే. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. చివరికి హర్షకి ఇచ్చాడు."

"మంచం కింద పెట్టెలో ఇంగో గిటారు ఉండాదిలే" అంది భీమక్క. "పగిలింది దొరికినాక పగలనిదాంతో మాకేమి పని?"

ప్రమీలమ్మ పెట్టె జోలికి పోలేదు. ముందు మంచం చూసింది. తెల్లటి దుప్పటి మీద రక్తపు చుక్కలు జల్లినట్టున్నాయి, మధ్యలో ఒక్కచోట తప్ప. అక్కడ దుప్పటి తెల్లగా మిగిలింది. అది గిటారు ఆకారం. కాకపోతే ఒక భుజం గుండ్రంగా ఉంది, రెండోది లోపలికి కోసినట్టుంది. ఆ తెల్లటి జాగా అంచున ఎర్రటి రంపప్పొట్టు సన్నగా రాలి ఉంది.

"ఈ పగిలినదాని భుజాలు ఎట్లుంటాయి జ్ఞానా?"

"రెండూ గుండ్రంగానే మేడమ్."

ఆమె కిటికీ దగ్గరికి పోయింది. అక్కడ వ్యాయామం చేసే ఇనుప డంబెల్స్ రెండున్నాయి. ఒకదాని మీద వేలు గీస్తే గీత పడేంత దుమ్ము. రెండోది నిగనిగలాడుతోంది. అలమారలో, గిటారుకి బిగించి మైకు సిస్టమ్‌కి కలిపే కరెంటు డబ్బా ఒకటి అట్టపెట్టె విప్పి ఉంది. గిటారు పక్కను చదరంగా కోస్తే గానీ ఆ డబ్బా ఇమడదని జ్ఞానేశ్వర్ చెప్పాడు.

అప్పుడు పెట్టె తెరిచారు. జిట్రేగి గిటారు మీద రక్తం మరక ఒక్కటీ లేదు. తీగలన్నీ వదులు చేసి ఉన్నాయి. ఒక భుజం, దుప్పటి మీది ఆకారంలో లాగే, చేసినప్పుడే లోపలికి మలిచి ఉంది. నడుము పై పక్కన చెక్కని అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దగా చదరంగా కోశారు. కోసిన ముక్కని మళ్ళీ అదే కంతలో ఇమిడ్చి, చెక్కలోని రేఖలు ఎక్కడా తప్పకుండా కలిపి, పైన పేపర్ టేపు అంటించారు. టేపు ఒక చివర కింద ఏదో ముదురు మరక ఉంది.

ప్రమీలమ్మ చాలాసేపు వంగి చూసి మూత వేసింది. "ఈ పెట్టెలో ఉండేది మన ముగ్గురికి తప్ప నాలుగో చెవికి తెలియకూడదు" అంది.

స్టేషన్‌లో సుధీర్ ముఖం గుర్తుపట్టేలా లేదు. పోలీసులు వచ్చేలోపే బంధువులు కుళ్ళబొడిచారు. మేనమామ ఒకడు చెప్పుతో కన్ను వాచేలా కొట్టాడు. ఒక్క దెబ్బకీ సుధీర్ చెయ్యి అడ్డం పెట్టలేదని భీమక్క చెప్పింది.

"బుధవారం ఇంటికి ఎందుకు పోయినావు?" అని అడిగింది ప్రమీలమ్మ.

"తప్పయిపోయిందని చెప్దామని."

"చెప్పినావా?"

"లేదు. మెట్ల కాడ నిలబడితి. పైన గిటారు వాయిచ్చడం లే. గరగరా రంపం కోసే చప్పుడు. ఏమో పని చేసుకుంటాండాడు, నేనేంది పిల్లోని ముందర తల వంచేది అనుకున్యా. ఎనిక్కి వచ్చేస్తి." అతను పగిలిన పెదవి కొరుక్కున్నాడు. మళ్ళీ రక్తం కారింది. "ఇదంతా ఎందుకు చెప్పాల? మా యమ్మ నమ్మదు."

ఏసేపు స్కూలు వ్యాను నడుపుతాడు. కుడి చేతి గోళ్ళు తీగలు మీటడానికి పొడుగ్గా పెంచుకున్నాడు. జిట్రేగి గిటారు హర్ష చేతికి పోకముందు ప్రతివారం షాపుకి పోయి దాన్ని పట్టుకుని కూర్చునేవాణ్ణని దాచకుండా చెప్పాడు.

"అది హర్షకి పోతే కడుపు మండలేదా?" అంది ప్రమీలమ్మ.

"మండింది మేడమ్. ఆ తర్వాత వాడే నా చేతికిచ్చి, ఆదివారం నువ్వే వాయించు అనె. ఇంగ మండేదానికి ఏముండాది?"

"కరెంటు డబ్బా సంగతి తెలుసా?"

"నేనే బిగించుకోమంటి. పెండ్లిళ్ళలో వాయిద్దామని మా ఆశ. నారాయణన్న బిగించనన్నాడంట. ఫోన్లో వీడియో చూసి నేనే కోసుకుంటాలే అనె హర్ష. ఎప్పుడు కోస్తాడో చెప్పలే. బుధవారం నేను వ్యానుకి బ్రేకులు చేయిస్తాంటి. మెకానిక్కును అడగండి."

నారాయణ షాపులో తీగలు మారుస్తూ కనిపించాడు. జ్ఞానేశ్వర్‌ని చూడగానే ముఖం వెలిగింది. "రాప్పా! నీ గిటారు ఎట్లుండాది? ఎండలకు పెట్టెలో తడి స్పాంజీ పెడతాండావా?" అన్నాడు. హర్ష మాట ఎత్తగానే కళ్ళు తుడుచుకున్నాడు.

"బుధవారం మధ్యాహ్నం ఎక్కడున్నావు నారాయణా?" అంది ప్రమీలమ్మ.

"ఈ ఎండలకు గిరాకీ యాడిదమ్మా? షట్టరు సగం దించి ఈడ్నే పండుకుంటి."

"నువ్వు చేసిన గిటారు చివరిసారి ఎప్పుడు చూసినావు?"

"ఆదివారమే. బంగారమట్ల ఉండె."

"దానికి కరెంటు డబ్బా పెట్టమని హర్ష అడిగినాడంట?"

"అడిగినాడు. నేను వద్దంటి. మానుకున్నాడు. మంచి పిల్లోడు."

బయటికి రాగానే జ్ఞానేశ్వర్ ఊపిరి తీసుకున్నాడు. "నారాయణన్న కాదు మేడమ్. ఏసేపే ఏదో దాస్తున్నాడు."

"నీకు ఆయన మంచి గిటారు ఇచ్చినాడు. అందుకని ఆయన మంచోడు. కోర్టులో సాక్షులు ఇట్లనే మాట్లాడుతుండ్రి" అంది ఆమె. జ్ఞానేశ్వర్‌కి రోషం వచ్చింది గానీ మింగేశాడు.

మర్నాడు పొద్దున అందరినీ ఆ మేడ గదికే పిలిపించింది. సుబ్బలక్ష్మమ్మ గోడవారగా కూర్చుంది. సుధీర్‌ని బేడీలతో తెచ్చారు. తల్లీ కొడుకూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఏసేపు గుమ్మం దగ్గర, నారాయణ కిటికీ దగ్గర నిలబడ్డారు. గిటారు పెట్టె బల్ల మీద ఉంది. దాని మూత వాళ్ళ వైపుకి లేచేలా జ్ఞానేశ్వర్ వెనక కూర్చున్నాడు. లోపల ఏముందో అతనికి తప్ప ఎవరికీ కనబడదు.

"గిటారు అంటే ఒట్టి డొల్ల" అని మొదలుపెట్టింది ప్రమీలమ్మ. "దాంతో కొడితే తల చిట్లుతుంది గానీ ఎముక లోపలికి దిగబడదు. హర్షని కొట్టింది ఆ కిటికీ కింది డంబెల్‌తో. ఒక్కటే ఎందుకు కడిగి ఉందా అని చూస్తే, పిడి సందులో వెంట్రుకలు దొరికినాయి. గిటారు ఆ తర్వాత పగిలింది. శవం మీద. సుధీర్ నోటిమాట నిజమైనట్టు కనబడాలని. అంటే ఆ మాట విన్నవాళ్ళ పని ఇది."

ఏసేపు, నారాయణ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇంకో సంగతి. దెబ్బలు పడేటప్పుడు మంచం మీద మంచి గిటారు ఉంది. దాని చోటు వదిలిపెట్టి చుట్టూ రక్తం పడింది. చంపినవాడు చేతికందే దాన్ని వదిలేసి, గదిలో ఉన్న నాసిరకం దాన్ని తెచ్చి పగలగొట్టినాడు. మంచిదాన్ని తుడిచి, తీగలు వదులు చేసి, పెట్టెలో పండబెట్టినాడు. గిటారంటే మండిపడే సుధీర్‌కి ఏది జిట్రేగో ఏది ప్లైవుడ్డో ఏం తెలుసు? తెలిసినా తమ్ముణ్ణి చంపిన చేత్తో గిటారుకి సేవ చేస్తాడా?" ఆమె వెనక్కి తిరిగింది. "సరే, ఇంత మంచి గిటారు ఎట్ల పలుకుతుందో విందాం. జ్ఞానా, తీగలు బిగించు."

జ్ఞానేశ్వర్ గిటారు మెడ చివరి బిరడా తిప్పాడు. తీగ కిర్రుమంది.  ఏసేపు అలవాటుగా చెవి ఒగ్గి, "ఇంకా కిందుండాది, బిగించన్నా" అన్నాడు. జ్ఞానేశ్వర్ రెండో తీగ బిగించాడు. మూడోది. చెక్క ఎక్కడో చిటుక్కుమంది.

"వద్దు! బిగించొద్దు! పక్క కోసుండాది, చీలిపోతాది!"

ఆ కేక నారాయణది. అది ఆగకముందే అతను బల్ల మీదికి దూకాడు. బల్ల, పెట్టె, జ్ఞానేశ్వర్ కలిసి నేల మీద పడ్డారు. నారాయణ వేళ్ళు జ్ఞానేశ్వర్ గొంతు మీద బిగుసుకున్నాయి. తెగిన తీగ ఒకటి అతని చెంప చీరేసింది. కళ్ళు చీకట్లు కమ్ముతుంటే, తన చేతికి ఒదిగే గిటారు వెతికిచ్చిన వేళ్ళే ఇవి అని జ్ఞానేశ్వర్‌కి తోచి, దెబ్బ కన్నా అదే ఎక్కువ బాధేసింది. భీమక్క లాఠీ నారాయణ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. ఏసేపు వెనక నుంచి నడుము పట్టి లాగాడు. నారాయణ అతని చెయ్యి కండ ఊడేలా కొరికాడు. చివరికి నలుగురు పట్టి నేలకేసి అదిమితే గానీ లొంగలేదు.

ప్రమీలమ్మ మాత్రం నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు.

"పక్క కోసి ఉందని నీకెట్ల తెలుసు నారాయణా? ఆదివారం బంగారమట్ల ఉండె అంటివి. ఏసేపుకి కోయాలన్న సంగతి తెలుసు, కోసినట్టు తెలియదు. అందుకే బిగించమన్నాడు. కోసింది హర్ష. చూసింది చంపినవాడు. ఆ టేపు కింద జిగురులో రక్తపు వేలిముద్ర ఉంది. అది ఎవరిదో ఇంక వేరే చెప్పాలా?"

నారాయణ చెంప నేలకు ఆనించి, పక్కన పడిన గిటారునే చూస్తున్నాడు.

"రంపం పెట్టనని మాటిచ్చినాడమ్మా. ఆ మాట మిందనే ఇచ్చినా. బుధవారం ఫోన్ చేసి, రా అన్నా నీకొక తమాషా చూపిస్తా అనె. వస్తే దాన్ని పండబెట్టి కోస్తాండాడు. నవ్వుతా కోస్తాండాడు. నా పక్కటెముకలు కోసినట్లాయె. చేతికి ఇనుము దొరికింది. తొలి దెబ్బకు 'అన్నా' అనె. నేను ఆగలే. రంపం కాలవలో పడేస్తి."

"ఆ తర్వాత?"

"దాన్ని తుడిచినా. తీగలు వదులు చేసినా. ముక్క అతికిచ్చినా. అట్ల ఇడిసిపెట్టి పోలేకపోతి."

"ఇక్కడే చిక్కినావు. హర్ష తల పగిలితే అట్లే వదిలేసినావు. చెక్కముక్కకి మాత్రం రేఖలు కలిపినావు. అట్ల కలిపే చెయ్యి చేసినవానిది తప్ప ఇంకొకరిది కాదు" అంది ప్రమీలమ్మ. 

సుబ్బలక్ష్మమ్మ లేచి వచ్చింది. నారాయణని కొడుతుందేమోనని భీమక్క అడ్డం పోబోయింది. ఆమె అతణ్ణి దాటుకుని సుధీర్ ముందు నిలబడింది.

"నాయనా, నేను నమ్మినా. నువ్వే చంపినావని రెండు దినాలు నమ్మినా."

సుధీర్ తల ఎత్తలేదు. "నమ్ముతావులేమ్మా. నోటితో అనింది నేనే గదా." అతను మెట్ల వైపు తిరిగాడు. "మెట్లెక్కింటే వాడు బతికుండు. నాకు రోషం అడ్డమొచ్చె."

భీమక్క బేడీలు విప్పింది. తల్లి ఆ మణికట్టు పట్టుకుని మెట్లు దించింది. ఆసుపత్రి దాకా వదల్లేదు.

ఆ సాయంత్రం తుంగభద్ర ఒడ్డున చితి పేర్చారు. ఆడవాళ్ళు రాకూడదని పెద్దలు చెప్పినా సుబ్బలక్ష్మమ్మ వచ్చి నిలబడింది. కొట్టిన మేనమామ సుధీర్ భుజాన కుండ పెడుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. సుధీర్ వాచిన కన్నుతో దారి సరిగా కనబడక, తడుముకుంటూ చుట్టూ తిరిగాడు. కొరివి అందుకున్నాక అతని చెయ్యి ముందుకు పోలేదు. తల్లి "పెట్టు నాయనా, నీదే ఆ చెయ్యి" అంది. అప్పుడు పెట్టాడు.

కొరివి పెట్టినవాడు వెనక్కి తిరిగి చూడకుండా నడవాలని ఆచారం. సుధీర్ కొంత దూరం నడిచి ఆగాడు. తిరిగి మంటవైపు చూస్తూ అక్కడే కూలబడి, చెప్పలేకపోయిన మాట చెప్పాడు.

"తప్పయిపాయరా హర్షా."

పంతులు ఏదో అనబోయాడు. సుబ్బలక్ష్మమ్మ చెయ్యెత్తి ఆపింది.